నమ్మి వదిలిన తర్వాత

2010 మే నెలలో ఒక రాత్రి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో ఇద్దరు కుర్రాళ్లు పార్టీ ముగించుకుని ఇంటికి నడిచిపోతుంటే పోలీసులు ఆపారు. తన వీపుసంచీ లాక్కుపోయింది వీళ్లేనని ఒకతను చూపించాడు. ఇద్దరినీ వెతికారు, ఆ సంచీ దొరకలేదు. అయినా పట్టుకెళ్లారు. కోర్టులో నిలబెట్టినప్పుడు ఒకడిని జడ్జి ఇంటికి పంపేశాడు. రెండో కుర్రాడి పేరు కలీఫ్ బ్రౌడర్, వయసు 16. అతనికి 3,000 డాలర్ల బెయిలు వేశాడు. కట్టలేకపోయారు కాబట్టి రైకర్స్ ఐలాండ్ జైలుకు తీసుకెళ్లారు.

ఇద్దరికీ తేడా ఎక్కడ వచ్చిందంటే, కలీఫ్ అప్పటికే ప్రొబేషన్‌లో ఉన్నాడు. కొన్ని నెలల ముందు ఒక డెలివరీ ట్రక్కు ఎత్తుకెళ్లిన కేసులో నేరం ఒప్పుకుంటే, జైలుకు పంపకుండా నడవడిక షరతు మీద వదిలారు. ఇప్పుడు ఈ సంచీ కేసులో 74 రోజులు గడిచాక గ్రాండ్ జ్యూరీ అభియోగం ఖరారు చేసింది. ప్రొబేషన్ శాఖవాళ్లు షరతు మీరాడంటూ ఇంకో కాగితం దాఖలు చేశారు. దాంతో అసలు బెయిలే లేకుండా పోయింది. ఇక అప్పోసప్పో చేసి ఆ 3,000 డాలర్లు పోగేసినా అతను బయటికి రాడు. సంచీ దొంగతనం రుజువు కావడం అటుంచి, విచారణే మొదలవలేదు. అలా మూడేళ్లు లోపలే గడిచాయి. అందులో దాదాపు రెండేళ్లు ఒంటరి గదిలో. 2013లో కేసు ఎత్తేసి పొమ్మన్నారు. 2015 జూన్‌లో, 22 ఏళ్ల వయసులో అతను ప్రాణం తీసుకున్నాడు.

కలీఫ్ గురించి చెప్పుకునేవాళ్లు ఒంటరి గది గురించి, పేదవాడికి అందని బెయిలు గురించి చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా. నేను మెజిస్ట్రేటు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే ప్లీడర్ని. నా కన్ను మాత్రం ఆ రెండో కాగితం దగ్గరే ఆగిపోతుంది. 'నిన్ను నమ్మి వదిలాం, నువ్వు మాట తప్పావని అంటున్నారు, అది నిజమో కాదో తేలేదాకా లోపల ఉండు' అని చెప్పే కాగితం అది. అంటున్నారు, అంతే. ఇంకా ఎవరూ తేల్చలేదు.

ప్రొబేషన్ పుట్టుక చూస్తే ఇది మరీ కష్టంగా అనిపిస్తుంది. 1841లో బోస్టన్‌లో జాన్ ఆగస్టస్ అని బూట్లు కుట్టే ఆయన ఉండేవాడు. ఒకరోజు కోర్టులో కూర్చుని ఉండగా తాగుబోతు ఒకడిని బోనులోకి తెచ్చారు. ఆగస్టస్ లేచి, వీడికి నేను పూచీ ఉంటానన్నాడు. జడ్జి మూడు వారాలు వాయిదా వేశాడు. వాయిదా నాటికి ఆ మనిషి గుర్తుపట్టలేనంతగా మారి వచ్చాడు. జడ్జి ఒక్క సెంటు జరిమానా, కోర్టు ఖర్చులు వేసి పంపేశాడు. ఆగస్టస్ 1859లో చనిపోయే నాటికి ఇలా పూచీ ఉండి విడిపించినవాళ్లు రెండు వేలకు దగ్గరయ్యారు. వాళ్లకు తల దాచుకునే చోటు చూశాడు, పని చూపించాడు, వాయిదాలకు వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. ఇందులో ముఖ్యమైన విషయం, ఆ మూడు వారాలూ ఆ తాగుబోతు బయట ఉన్నాడు. మారడానికి వీలు దొరికింది అందువల్లే. లోపల పడేసి మూడు వారాల తర్వాత బయటికి తీస్తే జడ్జి ముందు నిలబడేది వేరే మనిషి.

ఇవాళ అమెరికాలో ప్రొబేషన్ కింద ఉన్నవాళ్లు దాదాపు 30 లక్షల మంది. షరతుల జాబితా ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉన్నా మొత్తం మీద ఒకటే బాణీ. చెప్పిన రోజున ఆఫీసరు ముందు కనపడాలి. అడిగినప్పుడల్లా మూత్రపరీక్ష ఇవ్వాలి. ఉద్యోగం ఉండాలి, లేదా వెతుకుతున్నట్టు చూపించాలి. ఇల్లు మారితే చెప్పాలి. అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదు. చాలాచోట్ల ఈ పర్యవేక్షణకు ఫీజు కూడా వాళ్లే కట్టాలి. వీటిలో ఏది తప్పినా నేరం కాదు గానీ ఉల్లంఘన అవుతుంది. టెక్నికల్ వయొలేషన్ అంటారు. పెన్సిల్వేనియాలో అయితే ఆఫీసరు డిటైనర్ అని ఒక నిర్బంధ ఉత్తరువు వేస్తే చాలు, మనిషి జైల్లో ఉంటాడు. మామూలు ముద్దాయికి బెయిలు అడిగే హక్కు ఉంటుంది. ఇతనికి అంత గట్టి హక్కు లేదు, ఎందుకంటే ఇతను ఒకసారి శిక్ష పడినవాడు.

అమెరికా సుప్రీంకోర్టు 1973లో గానియన్ వర్సెస్ స్కార్పెలీ అనే కేసులో దీనికి ఒక పద్ధతి పెట్టింది. రెండు విచారణలు జరగాలి. ఆరోపణలో పస ఉందా అని మొదటిది. నిజంగా మీరాడా, మీరితే ఏం చేయాలి అని రెండోది. పెన్సిల్వేనియా వకీళ్లు వీటిని గానియన్ వన్, గానియన్ టూ అనే పిలుచుకుంటారు. జ్యూరీ ఉండదు. సందేహానికి తావులేనంత రుజువు అక్కర్లేదు, కాస్త మొగ్గు ఉంటే సరిపోతుంది. ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో వకీలు పెట్టి తీరాలన్న రూలు కూడా లేదు, కేసును బట్టి చూడమన్నారు. నన్నడిగితే ఆ తీర్పు అప్పటికి మంచిదే. అంతకు ముందు ఆ మాత్రమైనా లేదు. అయితే వన్‌కీ టూకీ నడుమ ఎన్ని రోజులు ఉండాలో ఆ తీర్పు గిరి గీయలేదు. ఆ నడుమ ఉన్నదంతా జైలే.

మా అమ్మాయి కాపురం పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా దగ్గర. వెళ్లినప్పుడు అల్లుడు ఊళ్లన్నీ చూపిస్తానంటే, ముందు ఏదైనా కోర్టు చూపించు బాబూ అన్నాను. "నాన్నా, ఇక్కడికొచ్చి కూడా కోర్టేనా" అని మా అమ్మాయి నవ్వింది. దగ్గర్లోని ఒక కౌంటీ కోర్టులో దింపారు. అక్కడ వెనక బెంచీ మీద ఎవరైనా కూర్చోవచ్చు. ఆ పూటంతా ప్రొబేషన్ ఉల్లంఘనలే నడిచాయి. పక్క తలుపులోంచి ఒక్కొక్కరినీ తీసుకొస్తున్నారు. చేతులకు బేడీలు, ఒంటిమీద జైలు బట్టలు. ఒకతనికి నలభై ఉంటాయేమో. మూడు అపాయింట్‌మెంట్లకు రాలేదని ఆరోపణ. అతని తరఫున ప్రభుత్వ డిఫెండరు, చిన్నమ్మాయి, చెవిలో ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ఏదో చెప్పింది. మళ్లీ అడ్డంగానే ఊపాడు. మూడోసారి చెప్పాక అతను ఇక తల ఊపలేదు, బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. జడ్జి అడిగితే ఒప్పుకుంటున్నానన్నాడు. డిటైనర్ ఎత్తేశారు, ప్రొబేషన్ కొనసాగుతుందన్నారు. రాత్రికి ఇంటికి వెళతాడు. మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది.

విరామంలో ఆ డిఫెండరు అమ్మాయిని పలకరించాను, నేనూ ఇదే పని చేస్తానని చెప్పుకుని. ఆ కేసు గురించి ఒక్క మాట చెప్పలేదు, చెప్పకూడదు కూడా. మామూలుగా ఎలా ఉంటుందో చెప్పింది. క్లయింటు నేను మీరలేదంటాడు. బహుశా నిజమే. అది నిరూపించాలంటే సాక్షులు కావాలి, ఆఫీసు రికార్డు తెప్పించాలి, ఇంకో తేదీ కావాలి. ఆ తేదీ ఎప్పుడు దొరికితే అప్పటిదాకా లోపలే. ఒప్పుకుంటే ఇవాళే బయటికి. "నేనైతే ఏం చేయమని చెప్పాలి సార్, మీరు చెప్పండి" అంది. ఆ పిల్ల ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. నాకు జవాబు తోచలేదు.

నన్ను బాధించేది ఇదే. విచారణకు ముందు నిర్బంధం అన్యాయమని అందరం అంటాం. ఎందుకంటే అది శిక్షకు ముందే శిక్ష. నిజమే, కానీ అక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. ఆ నిర్బంధం విచారణను కూడా మింగేస్తుంది. మనిషి లోపల ఉండగా నిజం చెప్పాలంటే వారాలు పడుతుంది, అబద్ధానికి ఒక్క నిమిషం చాలు. ఇద్దరు పిల్లల తండ్రి ఏది ఎంచుకుంటాడు? ఇంటద్దె బాకీ ఉన్నవాడు ఏది ఎంచుకుంటాడు? అలా ఒప్పుకున్నది రికార్డులో నిలిచిపోతుంది. వచ్చే ఏడు ఇంకో ఆఫీసరు ఇంకో డిటైనర్ వేసినప్పుడు ఆ రికార్డు తిరగేసి, ఇతను ఇదివరకే ఒకసారి మాట తప్పాడు, స్వయంగా ఒప్పుకున్నాడు అంటారు. ఈసారి ఒప్పుకున్నా వదలరు. ఒక్క పొద్దు ఇంటికి చేరడానికి చెప్పిన మాట, ఏళ్ల జైలుకు ఆధారమవుతుంది. అందులో ఎవరూ కావాలని మోసం చేయలేదు. జడ్జి దయగానే వదిలాడు. వకీలు క్లయింటు మేలే కోరింది.

ఇది ఒకటో రెండో కేసులైతే దురదృష్టం అనుకుని ఊరుకోవచ్చు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వాల మండలి 2019లో లెక్క తీస్తే, రాష్ట్ర జైళ్లలోకి కొత్తగా వస్తున్న నూరుమందిలో 45 మంది ప్రొబేషన్ లేదా పెరోల్ (గడువుకు ముందే షరతు మీద విడుదల) షరతు తప్పినందుకు వస్తున్నవాళ్లేనని తేలింది.

డబ్బు సంగతి చెప్పాలి. 1980లో జార్జియాలో డానీ బేర్డెన్ అనే అతనికి ఒక దొంగతనం కేసులో మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. 500 డాలర్ల జరిమానా, బాధితుడికి 250 డాలర్లు. ఆ రోజు వంద, మర్నాడు వంద కట్టమంటే అమ్మానాన్నల దగ్గర తెచ్చి కట్టాడు. మిగిలిన 550 నాలుగు నెలల్లో కట్టాలి. ఓ నెలకు ఉద్యోగం పోయింది. తొమ్మిదో తరగతి దాకా చదివాడు గానీ చదవడం రాదు. ఇంకో పని దొరకలేదు. గడువు దగ్గర పడుతుంటే తనే ప్రొబేషన్ ఆఫీసుకు కబురు పెట్టాడు, ఆలస్యమవుతుందని. కొన్ని నెలలకు ప్రొబేషన్ రద్దు చేసి మిగిలిన కాలానికి జైలుకు పంపారు. 1983లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. కట్టలేకపోయాడా, కట్టనన్నాడా అని అడగకుండా జైలుకు పంపకూడదని. ఎంత సూటి ప్రశ్న! కింది కోర్టు ఆ ప్రశ్న అడగలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ ఆ ప్రశ్న అడిగేది తుది విచారణలో. ఆ విచారణ వచ్చేదాకా లోపల పెడితే, వేరే పని వెతుక్కుంటున్న మనిషికి ఆ వెతుకులాట కూడా ఆగిపోతుంది. కట్టలేడని తేలే ముందే కట్టలేనివాడిగా చేసి కూర్చోబెడతాం.

పేరూ డబ్బూ ఉన్నవాళ్లకు కూడా ఇది తప్పలేదు. మీక్ మిల్ అనే ఫిలడెల్ఫియా ర్యాప్ గాయకుడు 19 ఏళ్లప్పుడు అరెస్టయిన కేసులో పదేళ్లు ప్రొబేషన్ నీడలో బతికాడు. 2017 నవంబరులో జడ్జి అతనికి రెండు నుంచి నాలుగేళ్ల జైలు వేసింది. అప్పుడు ప్రాసిక్యూటరూ ప్రొబేషన్ ఆఫీసరూ ఇద్దరూ జైలు వద్దన్నవాళ్లే. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు విడిపించింది. 2019లో ఆ అసలు శిక్షే కొట్టేశారు. అతని కోసం ఊరేగింపులు జరిగాయి, నాయకులు మాట్లాడారు, చివరికి 2023లో ఆ రాష్ట్రం ప్రొబేషన్ చట్టాన్ని సవరించింది. పేరు లేనివాళ్లెందరి బరువు మోస్తూ ఆ సవరణ వచ్చిందో నేను లెక్కగట్టలేను.

ఇంతా చెప్పి, ఎవరినీ లోపల పెట్టకూడదని నేననను. భార్యను కొట్టిన కేసులో ప్రొబేషన్ మీద ఉన్నవాడు, ఆమె గడప తొక్కొద్దన్న షరతు మీరి రాత్రి పదింటికి తలుపు బాదుతుంటే, ఆ రాత్రి అతన్ని తీసుకెళ్లాలి. గానియన్ వన్ సంగతి తెల్లవారి చూసుకోవచ్చు. అక్కడ ప్రమాదం ఎదురుగా ఉంది, దానికి పేరుంది, చిరునామా ఉంది. అపాయింట్‌మెంటు తప్పినవాడి విషయంలో ప్రమాదం ఎవరికి? ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు రాయించిన తర్వాతే తాళం వేయాలని నేనంటాను. న్యూయార్క్ రాష్ట్రం పెరోల్ విషయంలో 2021లో చట్టం చేసి, టెక్నికల్ ఉల్లంఘన అన్నవాళ్లకు వారంటు బదులు నోటీసు ఇచ్చి, విచారణకు బయటినుంచే రమ్మంటోంది. కాబట్టి ఇది కుదరని పనేం కాదు.

మన చట్టం సంగతి చూస్తే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. 1958 ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో, వదిలేటప్పుడు రాయించుకునే బాండు మూడేళ్లకు మించకూడదు. షరతు తప్పాడని ఆఫీసరు రిపోర్టిస్తే సెక్షన్ 9 కింద కోర్టు వారంటు ఇవ్వొచ్చు, లేదా ముద్దాయికీ పూచీదారుకీ సమన్లు పంపొచ్చు. వచ్చాక రిమాండు చేయొచ్చు, లేదా బెయిలు మీద వదలొచ్చు. మొదటిసారి తప్పాడని తేలితే బాండు అలాగే ఉంచి జరిమానాతో సరిపెట్టొచ్చు. ఆ జరిమానా 50 రూపాయలు మించకూడదు. ఈ చట్టం మీద సుప్రీంకోర్టు 1964లో రతన్‌లాల్ కేసులో ఇచ్చిన తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు గారు. ముద్దాయికి 16 ఏళ్లు. చేసిన నేరం చిన్నదేం కాదు. పైగా కింది కోర్టు శిక్ష వేసే నాటికి ఆ జిల్లాకు ఈ చట్టమే రాలేదు. అప్పీలు నడుస్తుండగా వచ్చింది. మేలు చేసే చట్టం ఆలస్యంగా వచ్చినా ఆ మేలు కుర్రాడికి అందాలని ఆయన తేల్చారు. కుర్రాణ్ని జైల్లోని పాత నేరస్థుల మధ్య పడేయకూడదన్న ఉద్దేశం ఆ తీర్పు నిండా ఉంది.

చట్టం ఇంత మెత్తగా ఉన్నా మన మెజిస్ట్రేటు కోర్టుల్లో ప్రొబేషన్ వాడకం తక్కువ. కాబట్టి సెక్షన్ 9 కింద లోపలికి వెళ్లేవాళ్లు మనకు అరుదు. మన దగ్గర ఆ పని చేసేది నాన్‌బెయిలబుల్ వారంటు. బెయిలు మీద ఉన్నవాడు వాయిదాకు రాకపోతే ఎన్‌బీడబ్ల్యూ వెళుతుంది, కానిస్టేబులు వచ్చి తీసుకెళతాడు, సబ్‌జైలు. ఇతనూ నమ్మి వదిలిన మనిషే. ఇతన్నీ ఎందుకు రాలేదో అడిగే ముందే లోపల పెడతాం. ఇతనూ తొందరగా బయటపడే మాటే చెబుతాడు. ఆ మాట గుమాస్తాల దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఏ ఊళ్లోనైనా వారంటు రద్దు పిటిషన్లు పది తిరగేయండి. పదింటిలోనూ ముద్దాయికి తీవ్ర జ్వరం. డాక్టరు సర్టిఫికెట్టు జతపరచడమైనది.

ఒకసారి తాపీ పని చేసే కుర్రాడు కొట్లాట కేసులో ఇలాగే లోపలికెళ్లాడు. సబ్‌జైలుకు వెళ్లి, ఎందుకు రాలేదురా అని అడిగితే, "ఆ రోజు స్లాబండి" అన్నాడు. స్లాబు రోజున మిక్సర్ ఆగకూడదు, మనిషి తగ్గకూడదు. మానేస్తే మేస్త్రి రేపట్నించి రావద్దంటాడు. గుమాస్తా అప్పటికే జ్వరం టైపు చేసి ఉంచాడు. నేను అది తీయించి స్లాబనే రాయించాను. జడ్జి గారు ఆ పేరా చదివి తలెత్తి, "కోర్టు కంటే స్లాబు ముఖ్యమా?" అన్నారు. రోజుకూలి ఎంతో, ఇంట్లో ఎవరున్నారో, ఇంతకు ముందు ఎన్ని వాయిదాలకు తప్పకుండా వచ్చాడో చెప్పుకొచ్చాను. ఇలాంటివి ముందే తెలిస్తే వారంటు బదులు సమన్లు పంపేవాళ్లం కదా అన్నారాయన. ముందే తెలిసే దారి మన దగ్గర లేదు సార్ అన్నాను. వారంటు రద్దు చేశారు. అప్పటినుంచీ నా పిటిషన్లలో మొదటి పేరా అదే. పనిచేసే చోటు, కూలి, ఇంట్లో తినే నోళ్లు, రాకపోవడానికి అసలు కారణం. చట్టం అడగకపోయినా రాస్తున్నాను. కొందరు జడ్జీలు అది దాటేసి కింద ప్రార్థన చూస్తారు. కొందరు ఆగి, ముద్దాయిని దగ్గరికి పిలిచి అడుగుతున్నారు.